ప్రమాదం లేని గడ్డలు

"ఇరవై మాత్రలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, రెండు ఖాళీ అట్టలు బల్ల మీద పడేసి. "జ్వరానికీ ఒళ్లు నొప్పులకీ వేసుకునేవి. నీ బ్యాగులో దొరికాయి. నీ మొగుడి రక్తంలో దొరికిందీ అదే మందు. ఇంకా నన్నేం అడగమంటావు?"

ఎదురుగా కూర్చున్న ఆమె తల ఎత్తలేదు. బట్టలు కుట్టీ కుట్టీ మొద్దుబారిన వేళ్లతో ఒళ్లోని చేతిరుమాలును మడత పెడుతోంది, విప్పుతోంది.

"ముందు ఆ 'నువ్వు' మానేసి, తర్వాత అడగండి."

గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ తిరిగి చూశాడు. కాకరకాయ కొరికినట్టయింది అతని మొహం. గుమ్మంలో డిటెక్టివ్ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, భుజాన ఓ గుడ్డ సంచీ. పట్టిందంటే వదలదని స్టేషన్లన్నీ ఆమెకు 'ఉడుము' అని పేరు పెట్టాయి. ఆ పేరు మొదట పెట్టిన ఘనత ఈ ఇన్‌స్పెక్టర్‌దే.

"ఉడుముకి ఎవరు కబురు పెట్టారు?"

"ఈ ఆసుపత్రి అయిదో అంతస్తులో ఉన్న పేషెంటు. అయినా, ఉడుమును నడుముకు కట్టుకుని గోడలెక్కింది దొంగలే కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. దారి దొరక్కపోతే పోలీసులకీ పనికొస్తుంది."

అయిదో అంతస్తులో ఉన్నది ఒక లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి పెద్ద చేసింది. ఆమె లివర్ నిండా గడ్డలు. క్యాన్సర్ కాదు. కాకపోయినా, ఒకటీ రెండూ అయితే కోసి తీసెయ్యొచ్చు. ఇటు నుంచి అటు దాకా గడ్డలే అయితే కత్తి ఎక్కడ పెట్టాలి? లివర్ ఉబ్బి ఉబ్బి పొట్టంతా ఆక్రమించింది. నాలుగు ముద్దలు తింటే ఊపిరాడదు. పోయిన ఏడాది ఒక గడ్డ లోపలే పగిలి, కడుపులో రక్తం నిండి, ఆమె చావు అంచు దాకా వెళ్లి వచ్చింది. మొత్తం లివర్ మార్చడం తప్ప దారి లేదని సర్జన్ తేల్చి చెప్పింది. రక్తపరీక్షల్లో లివర్ పని మాత్రం సవ్యంగానే కనిపిస్తోంది కాబట్టి, చనిపోయినవాళ్ల లివర్ కోసం ఎదురుచూసేవాళ్ల వరసలో ఈమె అందరికన్నా వెనక. ఇంట్లోవాళ్లే ఎవరో సగం ఇవ్వాలి. తమ్ముడు ఇస్తానన్నాడు.

ఆపరేషన్ నిన్న పొద్దున జరగాల్సింది. దానికి ముందు చేసిన ఆఖరి పరీక్షలో తమ్ముడి లివరే దెబ్బతిని ఉందని తేలింది. రక్తంలో జ్వరం మందు మోతాదుకి ఎన్నో రెట్లు ఉంది. ఆపరేషన్ ఆగిపోయింది. తమ్ముడు నాలుగో అంతస్తులో విరుగుడు సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. టీచరు మంచం మీద నుంచే డిటెక్టివ్‌కు ఫోన్ చేయించింది.

"మా తమ్ముడు భయపడే రకం కాదండీ. ఎవరో పెట్టారు. ఎవరో నాకు తెలియాలి," అంది ఆమె, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "నేను ఉండగానే తెలియాలి."

ఆ 'ఉండగానే' డిటెక్టివ్ గుండెల్లో ముల్లులా దిగింది. ఆ ముల్లుతోనే ఆమె ఈ గదికి వచ్చింది.

"ఈ మాత్రలు ఎవరికోసం?" అని మరదలిని అడిగింది కుర్చీ లాక్కుని. తమ్ముడి భార్యను టీచరు అలాగే పిలుస్తుంది, డిటెక్టివ్ నోటికీ అదే అలవాటయింది.

"నాకేనండీ. మిషను మీద వంగి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. ఆ అట్టలు నెల కిందటివి. పారెయ్యడం మర్చిపోయాను."

"బాగా మర్చిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మొన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎక్కడికెళ్లిందో కూడా మర్చిపోయిందట. భోజనం తేవడానికి వెళ్తున్నానని మావగారికి చెప్పి, ఉత్త చేతులతో వచ్చింది."

"మర్చిపోలేదండీ. చెప్పలేను."

"ఎందుకు?"

"చెప్తే ఇంట్లో ఉండనివ్వరు."

డిటెక్టివ్ చూపు ఆమె ఎడమ చేతి మీద ఆగింది. మణికట్టుకి పైన నలుచదరంగా టేపు ఊడదీసిన మరక, మధ్యలో ఆవగింజంత నీలం చుక్క. చూపు పడగానే మరదలు రుమాలు ఆ చేతి మీదికి లాక్కుంది.

"లాడ్జి గది వెతికారా?" అని డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"వెతక్కుండా బ్యాగు ఎలా దొరుకుతుంది?"

"బ్యాగు దొరికాక వెతకడం మానేశారా అని అడుగుతున్నా."

* * *

ఆసుపత్రికి ఎదురుగా ఉన్న లాడ్జిలో పేషెంట్ల బంధువులకి అద్దెకిచ్చే గది అది. రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, నీళ్లు సరిగా పోని సింకు. మామగారు ఒక మంచం మీదా, పాపను అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన భార్యాభర్తలు ఇంకో మంచం మీదా వారం రోజులుగా ఇక్కడే ఉంటున్నారు. తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ డిటెక్టివ్‌కూ, ఇన్‌స్పెక్టర్‌కూ, మరదలికీ దారిచ్చి పక్కకు జరిగాడు.

డిటెక్టివ్ మంచాల జోలికి పోలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఒక మూత గిన్నె, అడుగున ఉడికి నల్లబడ్డ ఆకులు.

"ఇదేంటి?"

"కషాయం," అంది మరదలు. "లివర్ గట్టిపడుతుందని ఆయనకి రోజూ పరగడుపున ఇస్తున్నాం. బయటి మందులేవీ వద్దన్నారు డాక్టరమ్మ. మావయ్య వింటేగా!"

"చేదుగా ఉంటుందా?"

"అబ్బో. నాలిక్కి తగిలితే పూటంతా పోదు."

"కాచేది ఎవరు?"

"నేనే. సాయంత్రం కాచి మూత పెట్టేస్తాను. పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు వడకట్టి ఇచ్చేది..." మరదలు ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. "మిగతాది నాకు తెలియదండీ."

సింకులో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. కడిగి పెట్టింది కాదు, ఉత్త నీళ్లతో తొలిపి పెట్టింది. డిటెక్టివ్ దాన్ని తిప్పి కిటికీ వెలుతురుకి పట్టింది. అడుగు అంచున తెల్లటి మడ్డి ఎండి అంటుకుని ఉంది. సింకు జాలీలో ఇరుక్కున్న వడకట్టే గుడ్డను పట్టుకారుతో పైకి తీసింది. ఆకుపచ్చ మరకల మధ్య అదే తెల్లటి నలుసు.

"ఆ అట్టలు ఇలా ఇవ్వండి."

"అవి సాక్ష్యం."

"సాక్ష్యమే కాబట్టి అడుగుతున్నా."

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ సంచీలోంచే చూపించాడు. డిటెక్టివ్ అట్టలోని ఒక గుంటను వేలితో చూపింది.

"గుంట అడుగున ఏం రంగు రాలి ఉంది?"

అతను కళ్లు చికిలించాడు. "పసుపు."

"ఈ కంపెనీ మాత్రకి పైన పసుపు పొర ఉంటుంది. నూరితే ఆ పొర మెత్తగా అవదు, పెంకుల్లా మిగిలిపోతుంది. ఇరవై మాత్రలు నూరి ఇందులో పోస్తే ఈ గుడ్డ నిండా పసుపు పెంకులు ఉండాలి. ఒక్కటి చూపించండి."

అతను గుడ్డ వంక చూశాడు, గ్లాసు వంక చూశాడు. 

"ఇది పొర లేని మాత్ర. అలాంటివి అట్టల్లో కాదు, డబ్బాల్లో వస్తాయి, వెయ్యేసి చొప్పున. దవాఖానాల్లో గుప్పెడు తీసి పొట్లం కట్టి ఇస్తారే, అవి. ఈ ఇంట్లో అలాంటి డబ్బా అందుబాటులో ఉన్నది ఎవరికి?"

జవాబు ముగ్గురికీ తెలుసు. మామగారు ముప్ఫై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఒక ఉచిత దవాఖానాలో ఆయనే మందులిస్తాడు.

"కథ బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో పట్టు సడలింది కానీ పంతం సడలలేదు. "కన్నకొడుక్కి తండ్రే మందు పెట్టాడంటే కోర్టు నవ్వుతుంది. మొగుడి ఒంటి మీద కత్తి పడకూడదని పెళ్లాం చేసిందంటే ఎవడైనా నమ్ముతాడు. లోకం పోకడ అది."

"మీరు కేసు కట్టేది లోకం పోకడ మీదా, గ్లాసులో మడ్డి మీదా?"

"మరి ఆ మూడు గంటలు? తప్పు చెయ్యని మనిషి ఎందుకు దాస్తుంది?"

డిటెక్టివ్ మరదలి దగ్గరికి వెళ్లి, ఆమె చేతి మీది రుమాలును మెల్లగా తొలగించింది.

"చూడండమ్మా, మీరు నోరు విప్పకపోతే ఈయన మిమ్మల్ని జీపెక్కిస్తాడు. పెట్టినవాళ్లు హాయిగా వార్డు బయట కూర్చుంటారు. మీ వదిన కోసమైనా చెప్పండి. స్కానింగులో మందు ఎక్కించడానికి పెట్టిన సూది కదా ఇది?"

మరదలు తలూపింది.

"నాది పనికొస్తుందేమో చూడమన్నానండీ," అంది. "నా లివర్. నాది అందరికీ ఎక్కే రక్తమని కాన్పప్పుడు చెప్పారు. ఆయన రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. అడిగితే ఏం లేదంటారు. ఒకవేళ ఆయన వల్ల కాకపోతే వదినకి ఇంకెవరున్నారు? డాక్టరమ్మ కాళ్లు పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని టెస్టులు చేయించుకున్నాను. మావయ్యకి తెలిస్తే..."

"మీ వదిన అంటే అంత ప్రేమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, నమ్మలేనట్టు.

మరదలు మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"ఆవిడ జాకెట్లు కుట్టేది నేను. ఎన్నిసార్లు కుట్లు విప్పి వెడల్పు చేశానో! ఒకసారి బస్సులో ఎవరో లేచి సీటిచ్చి, ఎన్నో నెలమ్మా అని అడిగారు. పెళ్లికాని మనిషిని. లెక్కపెట్టడం మానేశానండీ అని ఆవిడ నవ్వేసింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది. స్కూల్లో పిల్లల తల్లులు గుసగుసలాడుతున్నారని మావయ్య ఆవిణ్ణి ఉద్యోగం మాన్పించారు. ఏ తప్పు చేసిందని సార్? ఒంట్లో గడ్డలు రావడమేనా ఆవిడ చేసిన తప్పు?"

ఇన్‌స్పెక్టర్ పక్కకు వెళ్లి సర్జన్‌కు ఫోన్ చేశాడు. విన్నంతసేపూ "ఆ... ఆ..." తప్ప ఇంకో మాట లేదు. ఫోన్ పెట్టేసి, అట్టల సంచీ జేబులో కుక్కుకున్నాడు.

"మొన్న పన్నెండున్నర నుంచి రెండూ నలభై దాకా స్కానింగులోనే ఉందట. రిపోర్టులన్నీ బాగున్నాయట." గొంతు సవరించుకున్నాడు. "మీరు... కూర్చోండమ్మా."

'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. డిటెక్టివ్ అది విన్నది కానీ విననట్టే గుడ్డను, గ్లాసును సంచుల్లో పెట్టించింది.

* * *

నాలుగో అంతస్తు వరండాలో కాంపౌండరు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. తెల్లటి చొక్కా, జేబులో కళ్లజోడు. గ్లాసున్న సంచీని డిటెక్టివ్ ఆయన పక్కన బెంచీ మీద పెట్టింది. ఆయన దాని వంక ఒక్కసారే చూశాడు.

"ఎన్ని మాత్రలు నూరారు?"

కాదంటాడనీ, కేకలేస్తాడనీ అనుకుంది డిటెక్టివ్. ఆయన నిమ్మళంగా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"విషం పెట్టినట్టు అడక్కండి. ముప్ఫై ఏళ్లు మందులు కొలిచిన చెయ్యి ఇది. రక్తపరీక్షలో అంకె పెరగాలి, ఆపరేషన్ ఆగాలి. వారం పది రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. వాడికేం కాదు."

"మరి మీ కూతురికి?"

"దానికేమయింది?" ఆయన గొంతు పెరిగింది. "క్యాన్సర్ కాదుగా! ఇక్కడి పెద్ద డాక్టరొకాయన నాతో అన్నాడు, ఇవి ప్రమాదం లేని జాతి గడ్డలు అని. పదేళ్లుగా మోస్తోంది, ఇంకో పదేళ్లు మోస్తుంది. ప్రాణం తియ్యని రోగానికి నా ఒక్కగానొక్క కొడుకుని నిలువునా కోయమంటారా?"

"ప్రమాదం లేని జాతా?" డిటెక్టివ్ గొంతు వరండా చివరిదాకా వెళ్లింది. ఒక నర్సు ఆగి చూసింది. "పోయిన ఏడాది అందులో ఒకటి పగిలినప్పుడు కడుపులోంచి బక్కెట్ల కొద్దీ రక్తం తీశారు. అప్పుడు మీరెక్కడున్నారు?"

"తగ్గింది కదా!"

"తగ్గలేదు. ఆగింది. మళ్లీ ఏది ఎప్పుడు పగులుతుందో తెలియక ఆవిడ దగ్గడానికి భయపడుతోంది. పక్కకి ఒత్తిగిలడానికి భయపడుతోంది. పాపిష్టి గడ్డ కాదని డాక్టరంటే, మీకు అది పుణ్యాత్మురాలిలా వినిపించిందా?"

"దానికి పెళ్లా, పెటాకులా? వెనకాల ఏడ్చేవాళ్లెవరున్నారు? వీడికి సంసారం ఉంది, పసిపిల్ల ఉంది. లెక్క మీరే వెయ్యండి."

డిటెక్టివ్ ఎన్నో కేసుల్లో ఎంతోమంది మీద చెయ్యెత్తకుండా నిభాయించుకుంది. ఇవాళ రెండు చేతులూ వెనక్కి కట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ సంసారంలో మీ కోడలు కూడా ఉంది. పొద్దున్నుంచీ ఆ పిల్లని దొంగని కూర్చోబెట్టినట్టు కూర్చోబెడితే మీరు ఈ బెంచీ మీద నుంచి లేవలేదు. నేనే చేశానని ఒక్క మాట అనలేదు."

"నాలుగు రోజులు పోతే వదిలేస్తారుగా, ఋజువు దొరక్క. ఆడపిల్లని ఎవరు మాత్రం జైల్లో పెడతారు?"

ఇన్‌స్పెక్టర్ అంతసేపూ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాటకి ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "లేవండి పెద్దాయనా."

కాంపౌండరు లేచాడు. అప్పుడు తొలిసారి ఆయన మొహంలో బెదురు కనిపించింది.

"నన్నొక్కణ్ణే తీసుకెళ్తారా? వాడికి తెలియకుండా వాడి నోట్లో పోశానా నేను?"

డిటెక్టివ్ చూపు ఆయన మీద బిగుసుకుంది. "ఏమన్నారు?"

"వాడికీ తెలుసంటున్నా."

* * *

గదిలో తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కళ్లలో పచ్చదనం తేలుతోంది. సెలైన్ చుక్కలు చుక్కలుగా దిగుతోంది. డిటెక్టివ్ మంచం పక్కన నిలబడింది. టీచరు మాట చెవిలో గింగురుమంటోంది, భయపడే రకం కాదని. ఆ మాటను తనూ పరీక్షించకుండానే నమ్మింది. తన మీద తనకే మండింది.

"మీ నాన్న నూరుతుంటే చూశావా?"



"రెండో రోజు చూశాను," అన్నాడు గోడతోనే. "గిన్నె మూత తీస్తుంటే లోపలికొచ్చాను. ఆయన ఏం చెప్పలేదు. నేను ఏం అడగలేదు. గ్లాసు చేతికిచ్చారు."

"తాగావు."

"తాగాను."

"ఆ తర్వాత రోజు?"

"తాగాను." అతను గట్టిగా కళ్లు మూసుకున్నాడు. "మీకు తెలియదండీ. మీ పొట్ట ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కోస్తామని బొమ్మ గీసి చూపించారు. ఆ రాత్రి నుంచీ కళ్లు మూస్తే అదే. ఇవ్వనని అక్క మొహం మీద చెప్పలేను. నన్ను ఎత్తుకుని పెంచింది. రిపోర్టు బాగా లేదంటే నా తప్పేం ఉండదనుకున్నాను."

"ఇవ్వనని చెప్పే హక్కు నీకుంది. భయమేస్తోందని చెప్తే ఆ సర్జనే నిన్ను ఇంటికి పంపేది, ఎందుకని కూడా ఎవరికీ చెప్పేది కాదు. అది చెప్పకుండా ఆవిణ్ణి ఆపరేషన్ బల్ల దాకా ఆశ పెట్టి తీసుకొచ్చావు. నీ భార్యని పోలీసులు పట్టుకెళ్తుంటే గోడ వైపు తిరిగి పడుకున్నావు."

తలుపు దగ్గర ఏదో కదిలింది. మరదలు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె ఏడవలేదు, అరవలేదు. మంచం దగ్గరికి వచ్చి, జారిపోయిన దుప్పటిని అతని భుజాల దాకా లాగి సర్దింది. ఎవరో తెలియని పేషెంటుకి సర్దినట్టు.

"నువ్వు... నీకు..." అంటూ అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

పై అంతస్తులో గంట ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. వరండాలో పరుగులు. ఇన్‌స్పెక్టర్ తలుపులోంచి తల లోపలికి పెట్టాడు. చేతిలో ఫోను.

"పేషెంటుకి కడుపులో నొప్పట, బీపీ పడిపోయిందట. గడ్డ పగిలిందంటున్నారు."

మరదలు అప్పటికే పరుగెత్తుతోంది. ఇన్‌స్పెక్టర్ వరండా చివరికి ఉరికి, లిఫ్టు తలుపుల మధ్య బూటు అడ్డం పెట్టి, డిటెక్టివ్ కూడా వచ్చేదాకా మూసుకోనివ్వలేదు.

పైన స్ట్రెచర్‌ని నలుగురు తోసుకొస్తున్నారు. దాని పక్కనే సర్జన్, చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ నడుస్తోంది. "రక్తం కారే నాళాన్ని లోపల్నుంచి మూసేస్తున్నాం. ఆగితే ఒక రోజు, రెండ్రోజులు దొరుకుతాయి. అంతకన్నా ఆ లివర్‌ని లోపల ఉంచలేను." ఆమె మరదలి వంక చూసింది. "మీరు ఇంకా అదే మాట మీద ఉన్నారా? కాదన్నా నేనేం అనుకోను."

"ఉన్నానండీ."

"మీ ఆయన్ని కూడా పిలిచి మాట్లాడమంటారా?"

"వద్దండీ. ఆయన్ని పడుకోనివ్వండి."

స్ట్రెచర్ మీద టీచరు మొహం సున్నం కొట్టినట్టుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అవి డిటెక్టివ్‌ను వెతికి పట్టుకున్నాయి.

"తెలిసిందా?"

డిటెక్టివ్ ఆ స్ట్రెచర్ అంచు పట్టుకుని పక్కనే నడిచింది. అబద్ధం చెప్పడం ఆమెకు వృత్తిలో భాగమే. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలిసింది. ఆపరేషన్ అయ్యాక చెప్తాను."

టీచరు ఒక్క క్షణం ఆలోచించింది.

"చేసింది మా నాన్నయితే మీరు ఇప్పుడే చెప్పేసేవారు," అంది. "చెప్పడానికి ఆగారంటే, వాడన్నమాట."

 స్ట్రెచర్ చక్రాలు చప్పుడు చేస్తూ దొర్లాయి. టీచరు కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకునే ఓపిక లేదు. మరదలు వంగి అరచేత్తో తుడిచింది.

"మరి నాకు ఇచ్చేదెవరే?"

"నేను, వదినా."

టీచరు ఆమె వంక చూసింది, ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. కళ్లు పైకి తేలిపోయాయి.

"పల్స్ అందడం లేదు, తొయ్యండి!" అని అరిచింది సర్జన్.

జోడు తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. బయట డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్, మధ్యలో మరదలు మిగిలారు. ఆమె తడి అరచెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.